నాలుగు గుంజలు, ఒక ఇంటి నంబరు

వరంగల్, హన్మకొండ, కాజీపేట బస్తీల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే తెలుగు రాజకీయ చరిత్ర సగం అందులోనే కనబడుతుంది. గిరిప్రసాద్ నగర్, అంబేద్కర్ నగర్, దీనదయాళ్ నగర్, ఎన్టీఆర్ నగర్, గాంధీనగర్. ఒకదానికొకటి పొసగని పార్టీలు పక్కపక్కనే సర్దుకుని ఉంటాయి. చాలాచోట్ల ఈ పేర్లు మున్సిపల్ తీర్మానంతో వచ్చినవి కావు. గుడిసెలు వేసినవాళ్ళో, దగ్గరుండి వేయించినవాళ్ళో పెట్టుకున్నవి. పెద్దమనిషి పేరున్న బోర్డు మీదికి జేసీబీ తోలడానికి ఏ అధికారైనా కాస్త తటపటాయిస్తాడు. పేదవాడికి అంతకంటే చవకైన బీమా దొరకదు.

ఈ నగరంలో పేదల ఇళ్ళు ఎలా పుట్టాయన్న కథ రెండు దారుల్లో నడిచింది. సర్కారు ఎప్పుడూ ఇల్లు కట్టిస్తానంటుంది. జనం ఎప్పుడూ జాగా చూపించమంటారు. పథకాల పేర్లు మారాయి, పార్టీలు మారాయి, ఈ పేచీ మాత్రం తెగలేదు.

మనుషులు ఇక్కడికి ఎందుకొచ్చారో ముందు చెప్పుకోవాలి. 1934లో ఏడో నిజాం తన కొడుకు పేరిట ఆజంజాహి మిల్లు పెట్టించాడు. కాజీపేట రైల్వే జంక్షన్, ఎనుమాముల ధాన్యం మార్కెట్, ఎంజీఎం ఆసుపత్రి, యూనివర్సిటీలు ఒకదాని వెంట ఒకటి పల్లెల నుంచి మనుషుల్ని లాగాయి. మిల్లు 2002లో మూతపడింది. మనుషులు మాత్రం వెనక్కి పోలేదు. హమాలీలు, రిక్షా తొక్కేవాళ్ళు, ఇళ్ళల్లో పాచి పని చేసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, సెంట్రింగ్ కూలీలు, అందరూ ముందు కిరాయి గదుల్లోనే దిగారు. కూలి పెరిగే తీరు వేరు, కిరాయి పెరిగే తీరు వేరు. పైగా కిరాయి ఇంట్లో చావొస్తే శవాన్ని లోపలికి రానివ్వరు, చుట్టాలు నాలుగు రోజులుంటే నీళ్ళ దగ్గర గొడవ. పేదవాళ్ళు సొంత జాగా కోసం ఎందుకంత తెగిస్తారో అర్థం కావాలంటే కిరాయి ఒక్కటే చూస్తే చాలదు, ఈ అవమానాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

చట్టం వాళ్ళకు ఒక ఆశ చూపించింది. 1976లో కేంద్రం పట్టణ భూపరిమితి చట్టం తెచ్చింది. దాని కింద వరంగల్ స్థాయి నగరంలో ఒకరి దగ్గర 2,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదు. మిగిలింది సర్కారు తీసుకుని, బలహీనవర్గాల ఇళ్ళకు వాడాలన్నది ఆలోచన. కాగితం మీద మంచి చట్టమే. కానీ మినహాయింపుల సెక్షన్లు చట్టాన్నే మింగేశాయి. మిగులుగా తేలిన భూమి కోర్టుల్లోనో, కబ్జాదారుల చేతుల్లోనో ఇరుక్కుంది. 1999లో కేంద్రం చట్టాన్ని రద్దు చేసింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో అదే దారి పట్టింది. ఈ మధ్యలో బస్తీ మనుషులకు ఒక విషయం బాగా తెలిసొచ్చింది. ఫలానా సర్వే నంబరులో భూమి సర్కారుదని రికార్డు చెబుతుంది, కానీ సర్కారు మాత్రం దాన్ని పంచదు. ఎవరో ఒకరు పోయి కూర్చుంటేనే కదులుతుంది.

గుడిసెల పోరాటం అన్నది అలా పుట్టిన విద్య. బయటి నుంచి చూసేవాళ్ళకు అది తాటికమ్మల గుంపు. లోపల దానికి పద్ధతి ఉంది, వరస ఉంది. మొదట సర్వే నంబరు దొరకాలి. ఎర్రజెండా పార్టీల కార్యకర్తల్లో పహాణీలు, అంటే భూమి రికార్డులు, చదవడంలో పండిపోయినవాళ్ళు ఉంటారు. ఏది సర్కారీ, ఏది సీలింగ్ మిగులు, ఏది శిఖం (చెరువు నేల), ఏది కోర్టు స్టేలో ఉంది, అంతా వేళ్ళ మీద చెబుతారు. తర్వాత పేర్లు రాసుకుంటారు. తర్వాత ఒక రోజు అనుకుంటారు. వరుసగా రెండు మూడు సెలవులు వస్తే ఇంకా మేలు, ఆఫీసులు తెరిచేలోగా గుడిసెలు లేస్తాయి.

ఆ రోజు తాళ్ళు కట్టి, సున్నం పోసి గీతలు గీస్తారు. ఇంటికి అరవయ్యో, డెబ్బయ్యో గజాలు. నాలుగు మూలలా నాలుగు గుంజలు, పైన వెదురు బొంగులు, వాటి మీద కమ్మలో టార్పాలిన్లో. ఈ మధ్య ఫ్లెక్సీలు వచ్చాక టార్పాలిన్ ఖర్చు కూడా తగ్గింది. పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతున్న నాయకుడు తలకిందులుగా గుడిసె కప్పు మీద పడుకుని ఉంటాడు. ఆయనకు తెలియకుండా ఆయన ఇచ్చిన ఇల్లు అదొక్కటే. గుడిసెకో నంబరు, గుంపుకో కమిటీ, మధ్యలో దారికి ఇరవై అడుగులు వదలాలన్న పట్టుదల. రేపు డ్రైనేజీ రావాలంటే ఇవాళ దారి వదలాలి, ఈ సంగతి కమిటీలకు బాగా తెలుసు. నగరంలో అనుమతులు పొందిన కొన్ని లేఅవుట్ల కంటే గుడిసెవాసుల గల్లీలే తిన్నగా ఉంటాయి.

గుడిసె వేయడం తేలిక, నిలబెట్టుకోవడమే కష్టం. తెల్లారేసరికి రెవెన్యూవాళ్ళు, పోలీసులు వస్తారు. పీకేస్తారు, మళ్ళీ వేస్తారు, కేసులు పడతాయి. మనిషి లేని గుడిసె పక్కవాడి పాలవుతుంది కాబట్టి ఇంట్లో ఒకరు కూలి మానుకుని అక్కడే ఉండాలి. ఎక్కువగా ఆడవాళ్ళే ఉంటారు. నీళ్ళు మోసుకోవాలి, దీపం లేదు, పాములు తిరుగుతాయి. ఇలా నెలలు, ఒక్కోచోట ఏళ్ళు. ఇందులో మకిలి లేదని నేను అనను. పేర్లు రాసేచోట పైసలు వసూలు చేసినవాళ్ళు ఉన్నారు, సొంత ఇల్లుండీ బావమరిది పేరుతో గుడిసె వేసినవాళ్ళు ఉన్నారు, పట్టా రాకముందే నోటరీ కాగితం మీద అమ్ముకుని పోయినవాళ్ళూ ఉన్నారు. అయినా ఈ నగరంలో సర్కారు కట్టించిన కాలనీలతో పోల్చినప్పుడు, ఇలా లేచిన బస్తీలే పేదవాళ్ళకు ఎక్కువ నీడనిచ్చాయన్నది నా నమ్మకం.

ఆ తర్వాత మొదలయ్యేది కాగితాల వేట. గుడిసెల బస్తీలో ఏ ఇంటికైనా వెళ్ళి ‘కాగితాలున్నాయా’ అని అడగండి. దండెం మీదో, బియ్యం డబ్బాలోనో దాచిన ప్లాస్టిక్ కవరు బయటికొస్తుంది. అందులో కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల స్కూలు సర్టిఫికెట్, ఎప్పుడో తహసీల్దార్‌కు ఇచ్చిన అర్జీ మీద పడిన ముద్ర. వీటిలో ఏ ఒక్కటీ భూమి మీద హక్కు ఇవ్వదు. పన్ను కట్టినంత మాత్రాన యజమాని కాడని రసీదే చెబుతుంది. కానీ ఒకదాని పక్కన ఒకటి పేర్చితే ‘ఈ మనిషి ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు’ అన్న సాక్ష్యం తయారవుతుంది. ఇంటి నంబరు పడిన రోజు బస్తీలో చిన్నపాటి పండగ. అప్పటికి గోడలు మట్టివే అయినా సరే.

ఆ కవరుకు 2014 డిసెంబర్ 30న విలువ వచ్చింది. కొత్త తెలంగాణ ప్రభుత్వం 58, 59 నంబర్ల జీవోలు ఇచ్చింది. సర్కారు జాగాలో 2014 జూన్ 2 నాటికి ఇల్లు వేసుకుని ఉంటున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామని 58 చెప్పింది. డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించేది 59. రుజువుగా అడిగినవి ఆ కవరులోని కాగితాలే. బస్తీల్లో ‘యాభై ఎనిమిది పట్టా’ అన్న మాట అప్పటి నుంచే. ఎప్పటికో పనికొస్తాయని పేదవాళ్ళు దాచుకున్న రసీదులను సర్కారు చివరికి రుజువుగా ఒప్పుకుంది.

సరిగ్గా ఆ జీవోలు వచ్చిన వారం పది రోజులకే సర్కారే కట్టించే దారి వరంగల్‌కు వచ్చింది. 2015 జనవరిలో ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర రావు వరంగల్‌లో మకాం వేసి లక్ష్మీపురం, గిరిప్రసాద్ నగర్, ఎస్సార్ నగర్, అంబేద్కర్ నగర్ లాంటి బస్తీల్లో కాలినడకన తిరిగారు. ఇరుకు గుడిసెల్లోకి వంగి దూరారు. ఇవన్నీ తీసేసి ఇక్కడే రెండు పడక గదుల ఇళ్ళు కట్టిస్తామన్నారు. అంతకుముందు ఎన్నికల సభల్లోనే ఆయన ఈ మాటకు రంగం సిద్ధం చేశారు. ఒక్క గది ఇంట్లో అల్లుడొస్తే ఎక్కడ పడుకోవాలి, ముసలి తల్లిదండ్రులు ఎక్కడుండాలి అని అడిగితే సభలు నవ్వేవి, ఆ నవ్వులో ఉడుకు కూడా ఉండేది. 2006 నుంచి నడిచిన ఇందిరమ్మ ఇళ్ళలో ఇరుకుతనమూ అక్రమాలూ అందరూ చూసినవే. కొత్త ప్రభుత్వం రాగానే ఆ ఇళ్ళ మీద సీఐడీ విచారణ వేసింది.

డబుల్ బెడ్‌రూం ఆలోచనలో నిజంగా కొత్తదనం ఉంది, అది ఒప్పుకోవాలి. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన దగ్గర నుంచి పేదల ఇల్లంటే సాయంగా ఇచ్చే సొమ్ము, మిగతాది వాళ్ళ అప్పు. ఇక్కడ లబ్ధిదారు పైసా కట్టక్కర్లేదు, బ్యాంకు అప్పు లేదు. 2015 అక్టోబర్ 15న వచ్చిన పదో నంబరు జీవో 560 చదరపు అడుగుల ప్లాను ఖరారు చేసింది. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లు. మరుసటి నెలలోనే సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్ళు మొదటి నమూనాగా ప్రారంభమయ్యాయి. పాత కాలనీ ఉన్నచోటనే కొత్తది లేచింది, చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. నమూనా ఎప్పుడూ బాగానే ఉంటుంది. దాని మీద అందరి కళ్ళూ ఉంటాయి కదా.

చిక్కు లెక్కలో వచ్చింది. ఇంటికి పల్లెల్లో రూ.5.04 లక్షలు, పట్టణాల్లో రూ.5.30 లక్షలు అని ఖరారు చేశారు. ఆ ధరకు టెండర్లు పిలిస్తే కాంట్రాక్టర్లు మొహం చాటేశారు. ఇసుక ఉచితమన్నారు, సిమెంటు కంపెనీలతో మాట్లాడి బస్తా ధర తగ్గించారు, హడ్కో నుంచి అప్పు తెచ్చారు. అసలు ముడి మాత్రం జాగా దగ్గరే పడింది. ఉన్నచోటనే కట్టాలంటే ముందు గుడిసెలు ఖాళీ చేయాలి. కట్టేదాకా ఎక్కడుండాలి? ఒక గుడిసెలో పెద్దాయన, పెళ్ళయిన ఇద్దరు కొడుకులు ఉంటే ఎన్ని ఇళ్ళు లెక్క? అరవై గజాల నేల తనదనుకున్న మనిషి రెండో అంతస్తుకు పోతే కిందున్న మేక, తోపుడుబండి, కుట్టుమిషను ఎక్కడికి పోవాలి? ఇవి ఇంజనీర్లు జవాబు చెప్పే ప్రశ్నలు కావు. కట్టడం పూర్తయ్యాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇళ్ళు వందలు, అర్జీలు వేలు. ఎవరికిచ్చినా మిగతావాళ్ళ ఓటు పోతుంది. హన్మకొండ నడిబొడ్డున అంబేద్కర్ నగర్, జితేందర్ నగర్ వాసుల కోసం లేచిన బ్లాకులకు ఏళ్ళ తరబడి తాళాలు పడే ఉండేవి. ఆ ఇళ్ళు తమవని నమ్మి జాగా ఖాళీ చేసినవాళ్ళు ధర్నాలు చేయాల్సి వచ్చింది. రాష్ట్రమంతా 2.9 లక్షల ఇళ్ళు మంజూరయ్యాయి, ఎనిమిదేళ్ళలో పూర్తయినవి అందులో ఇంచుమించు సగం.

ఈ పేచీ మనది మాత్రమే కాదు. శ్రీలంకలో అప్పటి ప్రధాని ప్రేమదాస 1978లో లక్ష ఇళ్ళ కార్యక్రమం తీశారు, సర్కారే కట్టించేది. ఖర్చు మోయలేక 1984లో దాన్ని పది లక్షల ఇళ్ళ కార్యక్రమంగా మార్చారు. ఈసారి సర్కారు కట్టడం తగ్గించి, చిన్న అప్పులిచ్చి, జాగా చూపించి, కట్టుకోవడం జనానికి వదిలేసింది. కేరళలో 1972లోనే కమ్యూనిస్టు మంత్రి ఎం.ఎన్.గోవిందన్ నాయర్ లక్ష ఇళ్ళ పథకం నడిపారు. అక్కడ అంతకుముందే భూసంస్కరణల్లో గుడిసె కింద నేల చాలామందికి దఖలు పడింది. పునాది అదే. ఆంధ్రప్రదేశ్ రెండు దారులూ వెంటవెంటనే తొక్కింది. 2014 తర్వాత సర్కారు కట్టించిన టిడ్కో అపార్ట్‌మెంట్లు, 2020 డిసెంబర్ 25న కొమరగిరిలో మొదలుపెట్టి 30 లక్షల పట్టాల పంపిణీ. రెండోది జాగా దారే, కానీ పట్టణాల్లో సెంటు, అంటే 48 గజాలు. అదీ చాలాచోట్ల ఊరికి ఎంతో దూరంలో, వానొస్తే నీళ్ళు నిలిచే చోట. పని దొరికే చోటికి పోను రాను ఆటో కిరాయి ఎంతో లెక్కేయని పట్టా పెట్టెలోనే ఉండిపోతుంది.

వరంగల్‌లోనూ చివరికి పేదవాళ్ళకు మిగిలింది నీళ్ళ జాగానే. ఇది కాకతీయుల చెరువుల ఊరు. భద్రకాళి, వడ్డేపల్లి, వాటికి గొలుసుకట్టుగా కుంటలు, నాలాలు. పట్టా భూముల ధర ఆకాశానికంటాక ఖాళీగా కనబడేవి శిఖం భూములు, నాలా అంచులు. అభ్యంతరం లేని భూములకే 58 జీవో పట్టాలిచ్చింది, చెరువు భూమికి ఇవ్వలేదు. కాబట్టి అక్కడి ప్లాస్టిక్ కవరు ఎంత లావెక్కినా పట్టా కాదు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జులైలో వరంగల్ మునిగినప్పుడు హంటర్ రోడ్డు చుట్టుపక్కల ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ లాంటి చోట్ల జనాన్ని పడవల్లో తీసుకురావాల్సి వచ్చింది. నాలా మీద పేదవాడి గుడిసె ఉంటే కబ్జా అంటారు, అదే నాలా మీద ఐదంతస్తుల బంగళా ఉంటే అనుమతి కాగితం చూపిస్తారు. వరద మాత్రం రెండింట్లోకీ వస్తుంది, తేడా లేకుండా.

2022 మే నెలను ఈ కథలో విడిగా చెప్పుకోవాలి. మట్టెవాడ నిమ్మాయకుంటలో సీపీఐ ఆధ్వర్యంలో పేదలు గుడిసెలు వేశారు. పెద్దలు ఆక్రమించుకుంటుంటే ఊరుకున్న భూమిలో పేదలు ఉంటే తప్పేమిటన్నది వాళ్ళ వాదన. సంఘీభావానికి వచ్చిన రాజ్యసభ సభ్యుడు బినయ్ విశ్వంను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అదే ఏడాది జక్కలొద్దిలో సీపీఎం ఆధ్వర్యంలో గుడిసెలు లేచాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ఔటర్ రింగు రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో దాదాపు 21,500 ఎకరాలు ల్యాండ్ పూలింగ్‌కు తీసుకుంటామని ప్రకటించింది. రైతులు రోడ్డెక్కారు, సంస్థ వెనక్కి తగ్గింది. లేఅవుట్ల కోసం వేల ఎకరాలు పోగుచేయాలన్న ఆలోచన, అరవై గజాల కోసం లాఠీలు తినడం ఒకే నగరంలో ఒకే కాలంలో జరిగాయి. ఇళ్ళ స్థలాల కోసం తెలుగు నేల రక్తం చూసింది కూడా. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూపోరాటానికి మద్దతుగా బంద్ చేస్తున్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు.

ఇంతవరకూ చెప్పింది గుంజలు పాతగలిగినవాళ్ళ గురించి. వాళ్ళకు కుటుంబం ఉంది, వెనక జెండా ఉంది, కాపలా ఉండటానికి మనిషి ఉన్నాడు. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద, ఆసుపత్రి ఆవరణలో, దుకాణాల అరుగుల మీద పడుకునే ఒంటరి మనిషికి ఇవేవీ లేవు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి లాంతర్లు, టార్చిలు పట్టుకుని తిరిగి లెక్కేస్తే దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షలని తేలింది. ఆ రాత్రి ఎక్కడో నక్కి పడుకున్నవాళ్ళు లెక్కలోకి రాలేదు. 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాలకు లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా నడిచే వసతి గృహాలు పెట్టమంది. ఆ లెక్కన ఎనిమిది లక్షలు దాటిన గ్రేటర్ వరంగల్‌కు కనీసం ఎనిమిది కావాలి. పథకం వచ్చింది, మార్గదర్శకాలు వచ్చాయి. కానీ ఈ మనిషికి ఓటు లేదు, చిరునామా లేదు, ధర్నాకు తీసుకుపోయే కమిటీ లేదు. కాబట్టి అతని కోసం ఏ ముఖ్యమంత్రీ పాదయాత్ర చేయలేదు.

2024 మార్చి 11న భద్రాచలంలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ళను మళ్ళీ మొదలుపెట్టింది. సర్కారు కట్టదు. సొంత జాగా ఉన్నవాళ్ళకు నాలుగు విడతల్లో రూ.5 లక్షలు ఇస్తుంది, 400 చదరపు అడుగులకు తగ్గకుండా 600కు మించకుండా వాళ్ళే కట్టుకోవాలి. నియోజకవర్గానికి 3,500 ఇళ్ళు. శ్రీలంక 1984లో చేరిన చోటికి మనం నలభై ఏళ్ళకు చేరామన్నమాట. పునాది పడ్డాకే మొదటి లక్ష వస్తుంది కాబట్టి పునాదికి డబ్బు వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. అయినా పని నడుస్తోంది, ఎందుకంటే ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకుంటుంటే మేస్త్రీని నిలదీసేది కూడా వాళ్ళే.

దరఖాస్తుల్ని సర్వే చేసి జాబితాలుగా విడగొట్టారు. జాగా ఉండి ఇల్లు లేనివాళ్ళు ఎల్-1. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్ళు ఎల్-2. మొదటి విడతలన్నీ ఎల్-1కే. నిమ్మాయకుంట, జక్కలొద్ది లాంటి చోట్ల గుడిసె వేసుకుని పట్టా లేని మనిషి సర్వేకు వచ్చినవాళ్ళకు ప్లాస్టిక్ కవరంతా తీసి చూపించినా, యాప్‌లో సొంత స్థలం అన్న గడి నిండదు, పేరు ఎల్-2లోకి పోతుంది. సోమవారం సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీలు పట్టుకుని వరసలో నిలబడుతున్నవాళ్ళలో చాలామంది అడుగుతున్నది ఐదు లక్షలు కాదు, అరవై గజాలు.